ఉరుమక్క వెళ్ళిన పని

మా ఆసుపత్రి లాండ్రీలో ఆమెను అసలు పేరుతో పిలిచినవాళ్ళు లేరు. అందరూ ఉరుము అనేవాళ్ళు. నాకన్నా పెద్దది కాబట్టి నేను ఉరుమక్క అనేదాన్ని. ఆ పేరు ఊరికే రాలేదు. ఉతికే మిషన్లు అన్నీ ఒకేసారి తిరుగుతుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు మా గదిలో. ఉరుమక్క అవతలి గదిలోంచి "ఏమే, ఉన్నావా పోయావా?" అంటే మాత్రం మిషన్లను దాటుకుని వచ్చి చెవిలో పడేది.

దుప్పట్లు మడతపెట్టడంలో మేమిద్దరం జత. తలో రెండు కొసలు పట్టుకుని, బిగలాగి, ఒకరికొకరు ఎదురు నడిచి కొసలు కలపాలి. రోజంతా అదే పని. ఒక మనిషి మొహం అన్నేళ్ళు అంత దగ్గరగా చూస్తే వాళ్ళింట్లో ఏం జరిగిందో అడక్కుండానే తెలుస్తుంది. అడిగినా చెప్పేది, అది వేరే సంగతి.

తల్లి పోయేనాటికి ఉరుమక్కకు పెళ్ళీడు. చెల్లెలికి పాలపళ్ళు కూడా ఊడలేదు. సంబంధం చూడటానికి వచ్చిన పెయింటర్‌తో ఈవిడ మొహమాటం లేకుండా, "నాతో పాటు ఇదీ వస్తుంది. ఇష్టమైతే చేసుకో, లేదంటే ఇప్పుడే లేచి వెళ్ళు" అందట. ఆయన చిన్నదాని వైపు చూసి, "కంచం ఒకటి ఎక్కువ పెట్టుకుంటాం, అంతేగా" అన్నాడట. గోడలకు రంగులేసే మనిషి. మాట తక్కువ, చెయ్యి నిదానం. అలా చిన్నది ఆ ఇంట్లో కూతురిలా పెరిగింది. అక్క గొంతును అచ్చం అలాగే దించేసేది. ఒకసారి లాండ్రీకి వచ్చి తలుపు చాటు నుంచి "ఏమే, ఉన్నావా పోయావా?" అని అరిస్తే మేమంతా నిజంగా ఉరుమక్కే అనుకుని పరుగున పనిలో పడ్డాం. ఆ తర్వాత ఒకటే నవ్వులు.

పెద్దయ్యాక చిన్నది బూట్ల ఫ్యాక్టరీలో చేరింది. అడుగు తోళ్ళకు జిగురు రాసే పని. జుట్టంతా జిగురు వాసన. అక్కడ కిటికీలు పైన ఎక్కడో ఉండేవి. ఆ వాసనకు తలనొప్పి వచ్చి ఆడపిల్లలు వెనక తలుపు తీసుకుని కాసేపు బయట నిలబడి వచ్చేవాళ్ళు. పని పాడవుతోందని సూపర్‌వైజర్ ఆ తలుపుకు బయట నుంచి తాళం వేయడం మొదలుపెట్టాడు. చిన్నది ఇంటికొచ్చి చెబితే పెయింటర్, "అది తప్పు కదా, ఓనరుకు చెప్పండి" అన్నాడు. "ఓనరుకు తెలియకుండా వాడు తుమ్మడు కూడా బావా" అంది చిన్నది.

ఒక మధ్యాహ్నం జిగురు డబ్బాల పక్కనున్న వైరు నుంచి నిప్పురవ్వలు లేచాయి. ముందు వైపంతా అంటుకుంది. లోపలున్నవాళ్ళు వెనక్కి పరిగెత్తారు. కొందరు పైకెక్కి కిటికీలోంచి దూకి బతికారు. చిన్నది తలుపు దగ్గర దొరికింది. అంతకన్నా నేను చెప్పను.

కేసు నడిచింది. వాయిదా మీద వాయిదా. ప్రతి వాయిదాకీ ఉరుమక్క సెలవు పెట్టి వెళ్ళి ముందు వరసలో కూర్చునేది. కాలిపోయిన తాళం శిథిలాలు ఎత్తేటప్పుడు ఎటుపోయిందో ఎవరికీ తెలియదట. సూపర్‌వైజర్ బోనెక్కి చెప్పిన మాట ఇది: "తలుపు తీసే ఉందండీ. తొయ్యాల్సిన తలుపు. కంగారులో లాగినట్టున్నారు. ఆడపిల్లలు కదండీ."

ఆడపిల్లలు కదండీ! రోజూ ఆ తలుపు తీసుకుని బయటికి వెళ్ళేవాళ్ళకు దాన్ని తొయ్యాలో లాగాలో తెలియదట!

అది ప్రమాదమేనని తీర్పొచ్చింది. ఓనరు అదే వీధిలో ఇంకో పేరుతో ఇంకో ఫ్యాక్టరీ తెరిచాడు. సూపర్‌వైజర్ ఎటుపోయాడో తెలియలేదు.

ఉరుమక్క ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేదని మేమంతా అనుకున్నాం. కోపం మాత్రం ఒంటినిండా పట్టింది. మిషన్ మూత పడ్డ చప్పుడుకు ఒంటికాలి మీద లేచేది. లాండ్రీ తలుపు ఎవరైనా మూస్తే వాళ్ళ పని అయిపోయినట్టే. "నీ కోపమే నీకు శత్రువమ్మా" అని నీతులు చెప్పబోయిన పెద్దావిడ మీదికి తడి దుప్పటి విసిరికొట్టింది. దుప్పటి మడిచేటప్పుడు ఎంత గట్టిగా లాగేదంటే నా వేళ్ళు ఎర్రబడేవి. నేనేం అనేదాన్ని కాదు. ఆవిడ లాగేది నన్ను కాదు కదా.

మనసు మళ్ళుతుందని ఒకసారి సినిమాకు తీసుకెళ్ళాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది, అది పగ తీర్చుకునే సినిమా. అన్నను చంపినవాళ్ళను హీరో ఊరూరా తిరిగి ఒక్కొక్కర్నీ చంపుతుంటాడు. హాలంతా ఈలలు. ఉరుమక్క నా చెవిలో కాదు, హాలందరికీ వినపడేలా అడిగింది: "వీడికి ఉద్యోగం లేదా? ఇన్ని సెలవులు ఎవరిచ్చారు?" ముందు వరస వాళ్ళు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నిజంగానే అడిగింది.

తర్వాతి చలికాలంలో ఒక అమ్మాయి లాండ్రీకి వచ్చింది. మెడ చుట్టూ గుడ్డ కట్టుకుంది. ఆ రోజు కిటికీలోంచి దూకినవాళ్ళలో ఒకతె. మెడ ఒకవైపంతా కాలి ముడతలు పడి ఉంది. ఉరుమక్కను పక్కకు పిలిచి, "అక్కా, వాణ్ణి చూశాను. మా అత్తగారి ఊళ్ళో కుర్చీలు అద్దెకిచ్చే గోడౌన్‌లో ఉన్నాడు" అంది.

ఉరుమక్క చేతులు తుడుచుకుని నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్ళింది. "సెలవు కావాలి."

"ఎందుకు?"

"చుట్టాన్ని చూడాలి."

మా దగ్గర మిషన్లోంచి మెలిపడ్డ తడి దుప్పట్లు లాగడానికి ఇనుప కొక్కెం ఉంటుంది, మూరెడు పొడుగు. మర్నాడు ఆ కొక్కెం కనిపించలేదు. నాకు అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడడిగినా, అది తప్పని నేననుకోను.

మిగతాదంతా ఉరుమక్క నాకు చెప్పిందే.

కొక్కెం సంచిలో పట్టలేదట. టవల్ చుట్టినా కొస బయటికి పొడుచుకొచ్చింది. బస్సులో కండక్టర్, "అమ్మా, ఆ గొడుగు సీటు కింద పెట్టండి, ఎవరికైనా గుచ్చుకుంటుంది" అన్నాడు. పెట్టింది. దారి పొడుగునా కాలితో దాన్ని తొక్కిపట్టి కూర్చుంది. వాణ్ణి చూడగానే ఏమనాలో మనసులో వల్లెవేసుకుంటూ వెళ్ళింది. ఊరు చేరేసరికి ఒక్క ముక్కా గుర్తులేదు. పైగా బస్సు కుదుపులు పడక, దిగగానే రోడ్డు పక్కన వాంతి చేసుకుంది. అటుగా పోతున్న ముసలాయన నీళ్ళిచ్చాడు. ఆయన్ని కూడా కసిరిందట, ఎందుకో తనకే తెలియదు.

గోడౌన్ ఎదురుగా టీ బడ్డీ. అక్కడ కూర్చుని చూసింది. సూపర్‌వైజర్ లావెక్కాడు. కళ్ళజోడు వచ్చింది. ప్లాస్టిక్ కుర్చీలు తడిగుడ్డతో తుడిచి ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు. పిల్లి ఒకటి కాళ్ళకు రాసుకుంటుంటే దాంతో ఏదో మాట్లాడుతున్నాడు. ఉరుమక్కకు అన్నిటికన్నా ఒళ్ళు మండింది అక్కడే. "పిల్లితో ముద్దుగా మాట్లాడుతున్నాడే! దాన్ని తోలేసి తలుపు మూసుకోవచ్చుగా వెధవ!"

టీ చల్లారిపోయింది. లేచి లోపలికి వెళ్ళింది.

"రండమ్మా" అన్నాడు వాడు. "ఎన్ని కుర్చీలు కావాలి? ఏం కార్యం?"

గుర్తుపట్టలేదు. అన్ని వాయిదాలు ఎదురుగా కూర్చుని కళ్ళార్పకుండా చూసిన మొహాన్ని గుర్తుపట్టలేదు!

"మా ఇంట్లో మనిషి పోయింది" అంది.

"అయ్యో. ఎవరమ్మా?"

"మా చెల్లెలు."

"చిన్న వయసేనా? ఏమైంది పాపం?"

"తలుపు తొయ్యమంటే లాగింది."

వాడి చేతిలో తడిగుడ్డ అలాగే ఉండిపోయింది. ముందు ఆవిడ మొహం వైపు కాదు, ఆవిడ వెనకున్న తలుపు వైపు చూశాడు. ఆ చూపుతో ఉరుమక్కకు అప్పటిదాకా ఉన్న తడబాటు పోయింది.

కొక్కెం తీయబోతే టవల్‌కు చిక్కుకుంది. విప్పుకునేలోపు వాడు కుర్చీల వెనక్కి పరిగెత్తాడు. ఆవిడ వెంటపడింది. మొదటి దెబ్బ కుర్చీకి తగిలింది. రెండోది వాడి భుజంలోకి దిగింది. కుర్చీల దొంతరలన్నీ ఇద్దరి మీదా కూలాయి. కింద పడ్డారు. ఆవిడ మోచెయ్యి దోక్కుపోయింది. వాడు ఆవిడ జుట్టు పట్టుకున్నాడు, ఆవిడ వాడి చెయ్యి కొరికింది. ఇద్దరూ కుర్రవాళ్ళు కాదు, ఇద్దరికీ ఆయాసం. కాసేపటికి ఎవరికీ లేచే ఓపిక లేక, చెల్లాచెదురైన కుర్చీల మధ్య ఎక్కడివాళ్ళక్కడ కూలబడి రొప్పుతున్నారు.

"సినిమాలో ఇలా చూపించరు కదూ" అంది ఉరుమక్క నాకు చెబుతూ. అప్పుడూ నవ్వలేదు.

వాడి చొక్కా ఎర్రబడుతోంది. "చెప్పు" అంది. "తలుపు తీసే ఉందా?"

వాడు కుర్చీ కాలు పట్టుకుని లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు.

"చెప్పరా!"

ఆ అరుపుకు పక్క దుకాణాల వాళ్ళు బయటికొచ్చారు.

"తాళం వేసే ఉంది" అన్నాడు. "ఓనరు వెయ్యమన్నాడు. తాళంచెవి నా జేబులోనే ఉంది. మంట చూడగానే ముందు గుమ్మంలోంచి బయటపడ్డాను. వీధి మలుపు దాకా పరిగెత్తాక జేబులో చెయ్యి పెట్టుకుంటే తగిలింది."

"మరి వెనక్కి రాలేదేం?"

"భయమేసింది."

ఉరుమక్క ఇన్నేళ్ళూ ఆ మాట కోసమే కాచుకుంది. వింటే కడుపు చల్లబడుతుందనుకుంది. ఇంకా మండింది. మలుపు దగ్గర్నుంచి తలుపు ఎంత దూరం? ఆ వీధి ఆవిడకు కొట్టినపిండి. పిలిస్తే పలికేంత దూరం. కొక్కెం మళ్ళీ ఎత్తింది. వాడు చేతులు అడ్డం పెట్టుకోలేదు. కళ్ళు తేలేస్తున్నాడు, నెత్తురు ఎక్కువ పోయింది. వాడు చస్తే ఈ మాట ఇంకెవరు చెబుతారనిపించిందట. జాలి కాదు. నాతో మూడుసార్లు చెప్పింది, జాలి కాదని. కొక్కెం పారేసి, టవల్ ముద్దచేసి వాడి భుజానికి అదిమిపట్టి, ఆసుపత్రికి ఎత్తండని గుమ్మంలో నిలబడ్డవాళ్ళ మీద అరిచింది. అదుముతూనే వాణ్ణి తిట్టింది. పోలీసులు వచ్చి ఎవరు కొట్టారంటే, "కనపడటం లేదా? నేనే" అంది.

ఇక్కడే నాకు మంట. చిన్నదాని కేసు ఏళ్ళ తరబడి పాకింది. ఉరుమక్క కేసుకు మాత్రం రెక్కలొచ్చాయి. కొక్కెం దొరికింది, టవల్ దొరికింది, సాక్షులు దొరికారు. తాళం పోయినట్టు ఇందులో ఏదీ పోలేదు. ఉరుమక్క తరఫున వాదించడానికి ప్రభుత్వమే ఒక వకీలమ్మను ఇచ్చింది. చిన్నపిల్లలా ఉంది, నల్లకోటు భుజాలు జారిపోతుండేవి. ఈ పిల్ల ఏం వాదిస్తుందిలే అనుకున్నాం.

విచారణ రోజు లాండ్రీ నుంచి కొందరం వెళ్ళాం. వెనక బెంచీల్లో మెడ కాలిన అమ్మాయి, ఆమెతో పాటు ఆ రోజు బతికి బయటపడ్డవాళ్ళు. పెయింటర్ కూడా వచ్చాడు, గోళ్ళలో రంగు అలాగే ఉంది. సూపర్‌వైజర్ భుజానికి కట్టుతో బోనెక్కాడు. కొట్టిన సంగతంతా చెప్పాడు. అప్పుడు వకీలమ్మ లేచి, "ఈవిడ మీ దగ్గర ఏమీ దొంగిలించలేదు కదా. మరి ఎందుకు కొట్టింది?" అని అడిగింది.

వాడు ఉరుమక్క వైపు చూశాడు. పిచ్చిదని చెప్పేస్తాడనుకున్నా. చెప్పలేదు. "వీళ్ళ చెల్లెలు పనిచేసిన చోట వెనక తలుపుకు నేను తాళం వేశాను" అని మొదలుపెట్టాడు. ఓనరు మాట, జేబులో తాళంచెవి, వీధి మలుపు, మొత్తం చెప్పాడు. ఎందుకు చెప్పాడో నాకిప్పటికీ అంతుపట్టదు. మళ్ళీ కొడుతుందన్న భయమేనంటుంది ఉరుమక్క. అయ్యుండొచ్చు.

జడ్జి అడ్డుపడ్డాడు. "అది ఈ కేసుకు సంబంధం లేని విషయం. రాయకండి."

టైపు కొట్టే ఆవిడ చేతులు ఆగిపోయాయి.

రాయకండి! ఇద్దరు మనుషులు నెత్తురోడ్చుకుంటే బయటికొచ్చిన మాట అది. రాయకండట! పెయింటర్ లేచి నిలబడ్డాడు. జన్మలో గొంతెత్తని మనిషి, "అయ్యా, అది రాయకపోతే ఇంకేం రాస్తారండీ?" అన్నాడు. కూర్చోమన్నారు. కూర్చోలేదు. బయటికి పంపేశారు.

ఉరుమక్కకు శిక్ష పడింది. లాండ్రీ ఉద్యోగం పోయింది. జైల్లో కూడా ఉతికే పనే ఇచ్చారు. నేను చూడటానికి వెళ్తే, "ఇక్కడ జతకు దొరికింది ఉత్త చేతకానిది, కొస పట్టుకోవడం రాదు" అని గొణిగింది. వకీలమ్మ మాత్రం ఊరుకోలేదు. వెనక బెంచీల్లో ఆ మాట విన్న ఆడపిల్లలందర్నీ కూర్చోబెట్టుకుని, చిన్నదాని కేసు మళ్ళీ తెరవాలని పై కోర్టుకు ఎక్కింది. సూపర్‌వైజర్ వచ్చి సాక్ష్యం చెబుతానని ఒప్పుకున్నాడు.

తీరా ఉరుమక్క జైలు నుంచి బయటికొచ్చేసరికి వాడు గోడౌన్ నుంచి మాయం. ఓనరు మనుషులు వచ్చి మాట్లాడి వెళ్ళారని టీ బడ్డీ ఆయన చెప్పాడు.

"మళ్ళీ వెళ్తా" అంది ఉరుమక్క.

"కొక్కెంతోనా?" అన్నాను.

"అక్కర్లేదు. ఈసారి వాడు కోర్టు దాకా నడవాలి."

ఒక్కదాన్నే పంపుతామా? నేనూ, మెడ కాలిన అమ్మాయీ కూడా బయల్దేరాం. వాడు తన చెల్లెలి ఇంట్లో ఉన్నాడని ఆ అమ్మాయి అత్తగారే ఆరా తీసింది. పొద్దున్నే వెళ్ళి తలుపు కొట్టాం. వాడి చెల్లెలు తీసింది. నడుముకు బిడ్డను ఎత్తుకుని ఉంది. ఉరుమక్క ఆమెను ఎగాదిగా చూసింది. ఏమంటుందోనని నేను ఆవిడ కొంగు పట్టుకున్నాను. "మీ అన్నను పిలువమ్మా. కోర్టుకు వెళ్ళాలి" అని మాత్రం అంది.

వాడు నసిగాడు. ఒంట్లో బాగాలేదన్నాడు. ఓనరు మంచివాడు కాదన్నాడు. అప్పుడు వాడి చెల్లెలే, "అన్నా, చొక్కా మార్చుకో" అంది. ఆమెకు ఏం తెలుసో, ఎంత తెలుసో.

బస్సులో వాణ్ణి మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకున్నాం. మెడ కాలిన అమ్మాయి ముందు సీట్లో కూర్చుంది. గుడ్డ తీసేసింది. దారి పొడుగునా ఆ మెడే వాడి కళ్ళెదురుగా ఉంది. కిటికీలోంచి చూద్దామన్నా అటు ఉరుమక్క అడ్డం.

పై కోర్టులో వాడు చెప్పాడు. ఈసారి రాశారు. టైపు మిషన్ చప్పుడు అంత బాగుంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఓనరు వకీలు గడువు అడిగాడు, ఇచ్చారు. మళ్ళీ వాయిదాలే. ఓనరు ఇంకా బయటే తిరుగుతున్నాడు. ఆయన ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంది. కాకపోతే వాయిదాలకు ఆయనే స్వయంగా రావాలన్నారు. వస్తున్నాడు. బెంచీ మీద మాతో పాటే పడిగాపులు పడుతున్నాడు. ఉరుమక్క ఇప్పుడొక హోటల్ లాండ్రీలో చేస్తోంది. వాయిదా రోజున జీతం కోసినా మానదు. ఆయనకు సరిగ్గా ఎదురుగా కూర్చుంటుంది. కోపం తగ్గిందా అని అడగొద్దు. తగ్గలేదు. తగ్గాలని ఆవిడ అనుకోవడమూ లేదు.

సాక్ష్యం చెప్పిన రోజు సూపర్‌వైజర్ మాతో పాటు కోర్టు మెట్లు దిగాడు. కింద ఆగి, భుజం పట్టుకుని, "అమ్మా, ఇకనైనా నన్ను క్షమిస్తారా?" అని అడిగాడు.

"లేదు" అంది ఉరుమక్క. "నీ బస్సు అటువైపు ఆగుతుంది. పో."